ఫైలుకు శ్రీకారం

విజయవాడ వన్ టౌన్ బట్టల బజారులో చౌడయ్యగారిది చేనేత చీరల కొట్టు. ఆ కొట్టులో శ్రీ లేకుండా మొదలైన కాగితం ముక్క కోసం వెతకడం దండగ. బిల్లుల మీద శ్రీ ఉండటం అందరికీ ఉన్న అలవాటే అనుకోండి. చౌడయ్యగారు పాలవాడికి చీటీ రాసినా పైన శ్రీ ఉండాలి. కరెంటు వాళ్ళ మీద ఫిర్యాదు రాసినా ముందు శ్రీ పెట్టి, ఆ తర్వాతే తిట్లు మొదలుపెట్టేవారు. ఒకసారి కొట్టు వెనక మరుగుదొడ్డి పాడైతే, 'శ్రీ. వాడరాదు' అని రాసి తలుపుకి అంటించారు. మరమ్మతు రెండు రోజుల్లో అయిపోయింది. శ్రీ ఉన్న కాగితాన్ని చింపడానికి మాత్రం ఎవరికీ చేతులు రాలేదు. ఆ ఏడాది వానాకాలమంతా కొట్టులోవాళ్ళు పక్కవాళ్ళ దొడ్డికే వెళ్ళారు.

ఆ శుక్రవారం పొద్దున చౌడయ్యగారు వేసుకున్న పథకం చాలా సులువైనది. పెసరట్టు తిని కొట్టు తెరవాలి. పదిన్నరకి రాహుకాలం వచ్చేలోగా, కోడలు ధనశ్రీ గీసిన చీరల డిజైన్లను హైదరాబాదులో ఒక పెద్ద చీరల సంస్థకు మెయిల్లో పంపేయాలి. మధ్యాహ్నం ఇంటికెళ్ళి గుత్తివంకాయ కూరతో భోంచేసి ఒక కునుకు తీయాలి. ఇందులో ఆయన అనుకున్నట్టు జరిగింది పెసరట్టు ఒక్కటే.

ఆ డిజైన్ల వెనక పెద్ద కథే ఉంది. ధనశ్రీ కాపురానికి వచ్చిన దగ్గర్నించీ కొట్టులో చీరలు మడతపెడుతూనే, ఖాళీ దొరికినప్పుడల్లా కంప్యూటర్లో కొత్త అంచులు గీసేది. కరకట్ట మీది రెల్లుపూలతో ఒక అంచు గీసింది. ప్రకాశం బ్యారేజీ గేట్ల వరసను కోటకొమ్మ అంచుగా మార్చింది. చౌడయ్యగారికి అవి నచ్చాయి గానీ, నచ్చాయని చెబితే కోడలి ముందు చులకనైపోతానని బెంగ. అందుకని ఒక బేరం పెట్టారు. హైదరాబాదువాళ్ళు ఆర్డరిస్తే మేడమీద మూటలు కట్టే గది ఖాళీ చేయించి ధనశ్రీకి డిజైన్ల గదిగా ఇస్తారు. ఇవ్వకపోతే ఆ కంప్యూటర్ని లెక్కలకే వదిలేసి ఆమె మళ్ళీ మడతలకు కూర్చోవాలి. డిజైన్లు తీసుకోవడానికి హైదరాబాదువాళ్ళు పెట్టిన గడువు ఆ సాయంత్రం ఐదింటితో ముగుస్తుంది. ఆమె భర్త రాంబాబు మగ్గాల పని మీద పెడన వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, నాన్నని కంప్యూటర్ దగ్గరికి రానీయొద్దని మరీ మరీ చెప్పాడు.

ఆయన అప్పటికే వచ్చేశారు. ధనశ్రీ డిజైన్లన్నిటినీ ఒక్క జిప్ ఫైలుగా కట్టిపెట్టింది. దాని పేరు చివర చుక్కా, జిప్ అనే మూడక్షరాలూ చూసి చౌడయ్యగారికి చిరాకేసింది. మంచి పేరుకి ఆ తోక ఎందుకని గుమస్తా బసవయ్యతో తీయించేశారు. బసవయ్య ముప్పై ఏళ్ళుగా ఆ కొట్టులో గుమస్తా. ఆయనకు సొంత అభిప్రాయాలు ఉండవు, చెప్పిన పనిని చెప్పినదానికంటే కాస్త ఎక్కువగా చేయడమే తెలుసు. తోక లేని ఫైలు హైదరాబాదు వెళ్ళింది. కాసేపటికి ఆ సంస్థలో కొనుగోళ్ళు చూసే రుచిత ఫోన్ చేసింది. అది ఏ రకం ఫైలో తమ కంప్యూటర్‌కి అర్థం కావడం లేదని ఆమె చెప్పింది.

ధనశ్రీ కంగారుపడలేదు. ఫైలు లోపల ఉన్న అక్షరాలను ఉన్నవున్నట్టు చూపించే చిన్న ప్రోగ్రామొకటి ఆమె దగ్గరుంది. దానిలో ఫైలును తెరిచి మొదటి వరస చూసింది. ఏంటమ్మా చూస్తున్నావని మామగారు అడిగారు.

"లేబుల్ మీద పట్టు అని రాసుంటే మీరు నమ్ముతారా మామయ్యగారూ? కొసన పోగు లాగి వెలిగించి చూస్తారు కదా. ఇదీ అంతేనండి. పేరు ఏం పెట్టినా, తీసేసినా, ఫైలు అసలు రకం దాని మొదటి అక్షరాల్లో ఉంటుంది. పీ, కే అని ఉంటే జిప్పు. రార్ ఫైలైతే రార్ అనే ఉంటుంది. ఏడు అంకె వేసి జెడ్ ఉంటే ఇంకో రకం."

పోగు మాట వినగానే చౌడయ్యగారికి విషయం పూర్తిగా అర్థమైపోయింది. కొంచెం అర్థమై ఉంటే బాగుండేది. ఇంతకీ ఈ పీకే ఎవరని అడిగారు. ఆ జిప్ పద్ధతి కనిపెట్టినాయన పొడి అక్షరాలని ధనశ్రీ చెప్పి, తోక తగిలించి మళ్ళీ పంపమని బసవయ్యకి అప్పగించి, దీపం పెట్టి వస్తానంటూ వీధి చివర శివాలయానికి వెళ్ళింది. శుక్రవారం గుడి రద్దీలో ఆమె ఎంతసేపు ఇరుక్కుందో అంతసేపట్లోనూ కొంప మునిగింది.

చౌడయ్యగారు తెర వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. తన కొట్టు, తన కోడలు, తన డిజైన్లు. మొదట్లో మాత్రం వన్ టౌన్ మొహం కూడా చూడని ఎవరో పెద్దమనిషి పొడి అక్షరాలు.

"బసవయ్యా, ఇన్నాళ్ళూ మన ఫైళ్ళన్నీ శ్రీ లేకుండానే వెళ్తున్నాయన్నమాట. వ్యాపారం ఎందుకు మందగించిందో ఇప్పుడు తెలిసింది. ఆ పీకే కంటే ముందు శ్రీ పెట్టు."

బసవయ్య పెట్టాడు. తెర మీద శ్రీ బదులు ఏవో పిచ్చిగీతలు కనబడ్డాయి. కంప్యూటర్ తన లిపిలో రాసుకుంటుంది కాబోలని ఆయన సర్దిచెబితే, దేవుడికి అర్థమైతే చాలన్నారు చౌడయ్యగారు. ఒక్క ఫైలుకే ఎందుకు, అన్నిటికీ పెట్టమన్నారు. మూటల మీద మార్కా అచ్చు గుద్దినట్టు ఒకేసారి అన్ని ఫైళ్ళకూ అదే రాత రాసే సదుపాయం ఆ ప్రోగ్రాములో ఉందని బసవయ్య కనిపెట్టాడు. లెక్కలకీ, పాత డిజైన్లకీ, చీరల ఫొటోలకీ శ్రీ పడింది. ఆ ఉత్సాహంలో, ఫైళ్ళ నకళ్ళు దాచే హార్డ్ డిస్కు డబ్బాను బీరువాలోంచి తీసి, దానిలోని ఫైళ్ళకూ పెట్టేశాడు. అడగని పని చేసినందుకు యజమాని మెచ్చుకున్నారు కూడా.

శ్రీ పెట్టిన జిప్ ఫైలు రాహుకాలానికి ముందే హైదరాబాదు చేరింది. రుచిత మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి తోక ఉంది గానీ ఫైలు తెరుచుకోవడం లేదట. చౌడయ్యగారు ఆలోచించారు. కొట్టు గుమ్మానికి ఒక పక్క శుభం, ఇంకో పక్క లాభం రాసి ఉంటాయి. ఫైలుకి తల ఉంది గానీ ఆ రెండూ లేవు. చివర శుభం, లాభం చేర్పించి పంపారు. అదీ తెరుచుకోలేదు. ఈలోగా రాహుకాలం వచ్చేసింది కాబట్టి, దానికి విరుగుడుగా అన్నిటికీ ఇంకో శ్రీ పెట్టించి కూర్చున్నారు.

గుడి నుంచి వచ్చిన ధనశ్రీ తన డిజైన్ల జిప్ ఫైలు తెరవబోయింది. తెరుచుకోలేదు. జిప్పు కట్టకముందటి విడి ఫైళ్ళూ తెరుచుకోలేదు. బీరువాలో దాచినవి ఉన్నాయి కదా అని ధైర్యం తెచ్చుకుని వాటిని చూసింది. అవీ అంతే. మొదటి అక్షరాలు చూస్తే ఎక్కడా పీకే లేదు. ఈ సున్నా, బీ సున్నా అంటూ ఇరవైనాలుగు కొత్త గుర్తులు ప్రతి ఫైలు నెత్తి మీదా ఒకేలా కూర్చుని ఉన్నాయి. ఇన్నాళ్ళ కష్టం కళ్ళముందు అలా గడ్డకట్టుకుపోయింది. కంప్యూటర్లు బాగుచేసే సురేష్‌కి ఫోన్ చేసింది.

సురేష్ వచ్చి, తన దగ్గరున్న ఫైలు రకాల పట్టికంతా వెతికాడు. జిప్పూ, రారూ, ఇంకా పేరు తెలియని రకాలు వందలున్నాయి, ఈ తలకట్టు మాత్రం దేనికీ లేదు. కొత్తరకం వైరస్ అని తేల్చాడు. ఇలా ఫైళ్ళు బిగించేసి ఆనక డబ్బులడుగుతారని భయపెట్టి, మేడమీద ఇంటర్నెట్ డబ్బా చూడాలని ధనశ్రీని వెంటబెట్టుకుని వెళ్ళాడు.

ఇదంతా వింటున్న చౌడయ్యగారు తన శ్రీల సంగతి ఎందుకు చెప్పలేదని మీరడగొచ్చు. ఆయన దాచిపెట్టలేదు. దెబ్బకి పసుపు రాసిన సంగతి ఎవరైనా డాక్టరుకి ప్రత్యేకంగా చెబుతారా? వైరస్ అనగానే ఆయనకి భయమేసింది. వాళ్ళు మేడ దిగేలోగా బసవయ్య చేత మూడో శ్రీ పెట్టించేశారు.

సురేష్ కిందికొచ్చి మళ్ళీ తెర చూసి, కుర్చీ కాస్త వెనక్కి లాక్కున్నాడు.

"ఇందాక ఇరవైనాలుగండి. ఇప్పుడు ముప్పయ్యారు. మనం మెట్లెక్కి దిగేలోపల పెరిగింది."

ఈ మాట కొట్టులో చీరలు చూస్తున్న ఒకావిడ విన్నది. బజారులో మాటకి కాళ్ళుండవు, చక్రాలుంటాయి. చౌడయ్యగారి కంప్యూటర్‌కి ఏదో పట్టిందనీ, అది గంటగంటకీ పెరుగుతోందనీ క్షణాల్లో వీధంతా తెలిసిపోయింది. ఎదుటి కొట్టువాళ్ళు తమ కంప్యూటర్ ఆపేసి బిల్లులు చేత్తో రాయసాగారు. ఆ పక్క లుంగీల కొట్టువాళ్ళు నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. దారాల కొట్టాయన ఇంకా ముందుచూపున్నవాడు. తన కంప్యూటర్‌ని రిక్షా ఎక్కించి బావమరిది ఇంటికి పంపేశాడు.

ఈ సందట్లో సంజీవరావు పరామర్శకి వచ్చాడు. ఆయనదీ ఆ వీధిలోనే చీరల కొట్టు, హైదరాబాదు ఆర్డరు మీద ఆయనకీ కన్నుంది. అయ్యో పాపం అని రెండుసార్లు అని, తన సిస్టం కొత్తదనీ, అందులోనైతే తెరుచుకుంటుందేమోననీ అన్నాడు. వేరే రోజైతే చౌడయ్యగారు ఆయనకి చీర మడత కూడా విప్పి చూపించేవారు కాదు. ఆ పూట మూల స్టూలు మీద తలొంచుకు కూర్చున్న కోడల్ని చూసి ఆయన పంతం వదిలేశారు. ఫైలు కాపీ తీయించి సంజీవరావు చేతిలో పెట్టారు. సంజీవరావుకి వైరస్ భయం లేకపోలేదు గానీ, డిజైన్ల మీద ఆశ అంతకన్నా పెద్దది. తన సిస్టంలోనూ అది తెరుచుకోకపోయేసరికి, హైదరాబాదువాళ్ళే ఎలాగో తెరుచుకుంటారులే అని ఫైలుకి తన కొట్టు పేరు పెట్టి రుచితకి పంపేశాడు. చౌడయ్యగారికి మాత్రం లాభం లేదని కబురు చేశాడు.

మధ్యాహ్నం దాటింది. సురేష్ ఓటమి ఒప్పుకుని, కంప్యూటర్ మొత్తం తుడిచేసి కొత్తగా మొదలుపెట్టడం తప్ప దారి లేదని ఒక కాగితం మీద రాసి చౌడయ్యగారికిచ్చాడు. తుడిచేస్తే డిజైన్లు పోయినట్టే. చౌడయ్యగారు కాగితం అందుకుని, జేబులోంచి పెన్ను తీసి, పైన శ్రీ పెట్టి, అప్పుడు చదవడం మొదలుపెట్టారు.

ధనశ్రీ ఆ పెన్ను వంక చూసింది. కాగితం పైన ఉన్న అక్షరం వంక చూసింది. లేచి వెళ్ళి, ఒక ఖాళీ ఫైల్లో శ్రీ అని ఒక్కటే టైపు చేసి, ఆ ప్రోగ్రాములో తెరిచింది. ఈ సున్నా, బీ సున్నా. సరిగ్గా పన్నెండు గుర్తులు. ముప్పయ్యారుని పన్నెండుతో భాగించడానికి ఆమెకి క్యాలిక్యులేటర్ అక్కర్లేకపోయింది.

"మామయ్యగారూ, ఈ మూడు శ్రీలూ ఎప్పుడెప్పుడు పెట్టించారు?"

చౌడయ్యగారు ఒకటి పొద్దున, ఒకటి రాహుకాలానికి, ఒకటి వైరస్‌కి అని వరసగా చెప్పేశారు. చివర శుభం, లాభం కూడా ఉన్నాయని నిజాయితీగా కలిపారు. కోడలు విడమరిచి చెప్పింది. కొస పోగు చూసే ఫైలు రకం పోల్చుకుంటారన్నాను కదా, ఆ పోగు ముందు మీరు వేరే పోగు అతికించారు, అందుకే జిప్పుని జిప్పని ఎవరూ గుర్తుపట్టలేకపోయారు అంది. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకి కాస్త తేలికగా ఉండేది. ఆయనకి నిజంగానే సిగ్గేసింది.

"తప్పు నాదేనమ్మా. గదీ నీదే, కంప్యూటరూ నీదే, ఆర్డరు రాకపోయినా సరే. కానీ శ్రీని తుడిచేయమని మాత్రం నా నోటితో చెప్పలేను."

ఇక్కడ కథ మళ్ళీ మొదటికొచ్చింది. గడువు ముంచుకొస్తోంది. ఆయన చెప్పకుండా బసవయ్య మీట నొక్కడు. ధనశ్రీయే నొక్కేయొచ్చు గానీ, పెద్దాయన మొహం చూస్తూ ఆ పని చేయడానికి ఆమెకీ చెయ్యి రాలేదు. వెనక దొడ్డి తలుపు మీది కాగితం ముగ్గురికీ గుర్తొచ్చింది.

భోజనానికి రాని మొగుణ్ణి వెతుక్కుంటూ వెంకటరావమ్మగారు క్యారియర్‌తో దిగింది అప్పుడే. సంగతంతా విని, క్యారియర్ బల్ల మీద పెట్టి, చెమట తుడుచుకుంది.

"పసుపు వినాయకుణ్ణి పీట మీద పెట్టి పూజ చేస్తాం. అయ్యాక ఏం చేస్తాం? పీట మీదే ఉంచేస్తామా? ఉద్వాసన చెప్పి పక్కన పెడతాం. దీనికీ చెప్పండి. దానికి ఇంత ఆలోచన దేనికి?"

చౌడయ్యగారి ప్రాణం లేచొచ్చింది. కీబోర్డు మీద నాలుగు అక్షింతలు పడ్డాయి. రెండు గింజలు మీటల సందులో దూరి ఈనాటికీ అక్కడే ఉన్నాయి. ఆయన చేతులు జోడించి, యథాస్థానానికి దయచేయమని శ్రీలను వేడుకున్నారు. తుడవడం కాదు, కత్తిరించి వేరే ఫైల్లో అతికించాలని షరతు పెట్టారు. ఆ ఫైలు తెర మీద ఈశాన్య మూలలో ఉండాలన్నారు. ఈశాన్యమంటే తెరకి ఏ మూలో తేల్చడానికి కొంత వాదన జరిగింది. గోడ మీది క్యాలెండరును గోడతో సహా లెక్కలోకి తీసుకుని కుడిపక్క పై మూలని ఖాయం చేశారు. మూడు శ్రీలకీ ఉద్వాసన అయింది. శుభానికీ అయింది. లాభాన్ని తీసేటప్పుడు మాత్రం వ్యాపారస్తుడి ప్రాణం గిలగిల్లాడి, ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు.

మొదటి వరసలో పీకే బయటపడింది. ధనశ్రీ నొక్కగానే ఫైలు తెరుచుకుంది. రెల్లుపూలు, బ్యారేజీ గేట్లు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమెకి కళ్ళనీళ్ళు వచ్చాయి. ఐదింటికి ఇంకా కాస్త ముందే మెయిల్ వెళ్ళిపోయింది.

అందరూ ఊపిరి పీల్చుకుంటుంటే రుచిత ఫోన్ వచ్చింది. డిజైన్లు బాగున్నాయట. ఒక్కటే చిక్కు. మీరు పొద్దున్నించీ పంపిన తెరుచుకోని ఫైళ్ళలాంటిదే సంజీవరావు గారూ పంపారు, అందులో ఉన్నవి తన సొంత డిజైన్లనీ, అది తమ కొట్టువాళ్ళు వేసిన కొత్తరకం తాళమనీ అంటున్నారు, ఒకటే తాళం రెండు కొట్లవాళ్ళదీ ఎలా అవుతుందని అడిగింది. ఆయన్ని కూడా లైన్లోకి తీసుకున్నానని చెప్పింది.

సంజీవరావు తన డిజైన్లు తనవేనని గట్టిగా చెప్పాడు. చౌడయ్యగారికి కోపమొచ్చింది.

"అది తాళం కాదు తల్లీ, శ్రీ. మా కొట్టులో శ్రీ పెట్టందే ఏదీ కదలదు. నేనే దగ్గరుండి పెట్టించాను."

"మేమూ అంతేనండి," అన్నాడు సంజీవరావు తొణక్కుండా. "ఈ బజారులో శ్రీ రాయనిదెవరు?"

రుచిత పక్కన వాళ్ళ కంప్యూటరాయన ఉన్నట్టున్నాడు. ఏదో గుసగుస వినిపించింది. ఆమె నెమ్మదిగా అడిగింది.

"సంజీవరావు గారూ, మీరు పంపినదాంట్లో ఎన్ని శ్రీలు పెట్టారు?"

"ఒకటేనండి. ఎవరైనా ఒకటే కదా పెట్టేది."

తర్వాత అదే ప్రశ్న ఇటు వచ్చింది. చౌడయ్యగారు తలొంచుకుని, మూడు పెట్టించానమ్మా, చివర శుభం, లాభం కూడా ఉంటాయి అన్నారు. జీవితంలో మొదటిసారి ఆ మాట చెప్పడానికి ఆయనకి మొహమాటమేసింది. సంజీవరావు ఫైలు మొదట్లో మూడున్నాయని ముందే లెక్కపెట్టిన అటు కంప్యూటరాయన ఇప్పుడు చివర కూడా చూశాడు. రెండూ ఉన్నాయి. సంజీవరావు ఫైలుకి పేరు మార్చాడు గానీ కొస పోగు మార్చలేకపోయాడు. ఆయన లైన్లోంచి ఎప్పుడు తప్పుకున్నాడో ఎవరికీ తెలియలేదు.

ఆర్డరు ధనశ్రీ పేరు మీదే వచ్చింది. మేడమీద గదిలోంచి మూటలు దిగాయి, కంప్యూటర్ ఎక్కింది. ఆ గదికి తాళం చెవి ఒకటే ఉంది, అది ధనశ్రీ కొంగున ఉంటుంది. పెడన నుంచి వచ్చిన రాంబాబు, నాన్నని కంప్యూటర్ దగ్గరికి రానీయొద్దన్నాను కదా అని మొదలుపెడితే, రానిచ్చాను కాబట్టే దొంగ దొరికాడని ఆమె చెప్పింది. ఆ మాట మెట్ల మీద నిలబడి విన్న చౌడయ్యగారు ఆ పూట గుత్తివంకాయ రెండోసారి వడ్డించుకున్నారు.

ఆయన మాత్రం ఇందులో తన తప్పేమీ లేదనే నిర్ణయానికి మూడు రోజుల్లో వచ్చేశారు. శ్రీ పెడితే దొంగలకి సరుకు అక్కరకు రాదని వీధిలో కనబడినవాళ్ళందరికీ చెప్పారు. వీధి నమ్మింది. బసవయ్యని బతిమాలి తీసుకెళ్ళి, అందరూ తమ తమ ఫైళ్ళన్నిటికీ శ్రీ పెట్టించుకున్నారు. కొందరు ముందుజాగ్రత్తగా ఐదేసి పెట్టించారు. దారాల కొట్టాయన బావమరిది ఇంటి నుంచి కంప్యూటర్‌ని వెనక్కి తెప్పించి మరీ పెట్టించాడు. ఉద్వాసన సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు.

నెల తిరగకుండా సురేష్ గవర్నర్‌పేటలో రెండో కొట్టు తెరిచాడు. బోర్డు మీద మొదటి అక్షరం శ్రీ.